‘సెట్టు’ మాహాత్మ్యము

ఆంగ్లభాషలో మిక్కిలి కష్టమైన మాట యేదని చదువుకొన్నవారిని అడిగినచో, వైద్యశాస్త్రమునుండియో న్యాయశాస్త్రమునుండియో నోరు తిరుగని యొక సుదీర్ఘపదమును వెదకి తెచ్చి మన ముందుంచుదురు. అదే ప్రశ్నను నిఘంటుకారుని అడిగినచో, ఆయన క్షణమైనను ఆలోచింపక, ఒకటవ తరగతి పిల్లవాడు సైతము తప్పులేక వ్రాయగల ‘సెట్’, ‘రన్’, ‘పుట్’ వంటి మూడక్షరముల మాటలను చూపించును. ఇది చమత్కారము కాదు. పెద్దమాట పెద్దమనిషివలె తనకు వేసిన పీటమీదనే కూర్చుండును. దాని కొక్క నిర్వచనము వ్రాసి పంపివేయవచ్చును. చిన్నమాట యన్ననో వంటయింట, పొలమున, న్యాయస్థానమున, క్రీడాంగణమున, ఎచ్చట పని యున్న నచ్చటికి పిలువకయే పోయి చేయి వేయును. అది చేసిన పనులన్నిటిని లెక్కించి వ్రాయువాని ఆయుర్దాయము తరిగిపోవును.

1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు రెండవ ముద్రణలో అన్నిటికంటె దీర్ఘమైన ఆరోపము ఈ ‘సెట్’ అనుదానిదే. క్రియగా దీనికి 430 అర్థములను ఆ సంపాదకులు వేరుచేసి చూపిరి. నిర్వచనములు, ప్రయోగములు అన్నియు కలిపి ఈ ఒక్క మాటకు సుమారు 60,000 పదముల గ్రంథము పట్టినది. మన భాషలో నవల యని పేరుపెట్టి ప్రకటింపబడుచున్న పుస్తకములలో ఇంతకంటె చిన్నవి యెన్నియో కలవు.

ఆ నిఘంటువు పుట్టిన కథ పలువురకు తెలిసినదే. 1879లో జేమ్స్ మరే అను ఉపాధ్యాయుడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయముతో ఒడంబడిక చేసికొని పని కుపక్రమింపగా, తొలి భాగము 1884లోను, తుది భాగము 1928లోను వెలువడినవి. మరే మాత్రము 1915లోనే కన్నుమూసెను. వేలకొలది చదువరులు తాము చదివిన పుస్తకములనుండి వాక్యములను చీటీలపైకెక్కించి పంపుచుండగా, వానిని గూళ్ళలో సర్ది, కాలక్రమమున పేర్చి, ఒక్కొక్క అర్థమును పోగువిడదీసినట్లు విడదీయుట అక్కడి నిత్యకృత్యము. ‘ఎస్’ అక్షరపు మొదటి భాగము, దానితోపాటు ‘సెట్’ అను మాట, హెన్రీ బ్రాడ్లీ అను సంపాదకుని పాలబడెను. ఈ బ్రాడ్లీ విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. షెఫీల్డు నగరమున కత్తులు చాకులు అమ్ము నొక వర్తకసంస్థలో ఉత్తరములు వ్రాయు గుమాస్తాగా సుమారిరువదియేండ్లు గడుపుచు, ప్రాచీనభాషలను తనంతట తానే నేర్చుకొని, మరే గారి తొలిభాగముపై ఒక పత్రికలో వ్రాసిన విమర్శచేత నిఘంటుశాల కాకర్షితుడై, తుదకు దానికే సంపాదకుడైనవాడు. పండితులకంటె గుమాస్తాకే ఈ మాట చిక్కుట న్యాయమని నాకు తోచుచున్నది. బజారుననే పుట్టి బజారుననే పెరిగిన మాటను బజారెరిగినవాడే తూచగలడు.

నేడు ఆ సింహాసనము ‘సెట్’ది కాదని కూడ చెప్పవలెను. అదే నిఘంటువు మూడవ కూర్పునకై పదములను మరల పరిశీలించుచుండగా, ముందు ‘మేక్’, తరువాత ‘పుట్’ దానిని దాటిపోయినవి. పిమ్మట ‘రన్’ అను మాటను పీటర్ గిల్లివర్ అను సంపాదకుడు తొమ్మిది నెలలకు పైగా శ్రమించి పరిష్కరింపగా, క్రియగా దానికే 645 అర్థములు తేలినవి. నీరు పారుట, రైలు నడచుట, యంత్రము తిరుగుట, ముక్కు కారుట, దుకాణము సాగించుట, ఎన్నికలలో నిలుచుట, ఇవన్నియు ఆంగ్లేయునకు పరుగే. యంత్రయుగము వచ్చినకొలది ఆ మాటకు పని పెరిగినది. ఐనను ఈ వ్యాసమున నేను ఓడిన రాజు పక్షముననే నిలుచుచున్నాను. ఏలనన ‘రన్’ మన యింటికి క్రికెట్టు బంతివెంట మాత్రమే వచ్చినది. ‘సెట్టు’ వీథి తలుపున, పెరటి తలుపున, కిటికీలనుండి సైతము వచ్చి కూర్చున్నది.

కూర్చున్నది అనుటలో అతిశయోక్తి లేదు. ప్రాచీనాంగ్లమున ‘సిట్టన్’ అనగా కూర్చుండుట, ‘సెట్టన్’ అనగా కూర్చుండబెట్టుట. మన వ్యాకరణపరిభాషలో రెండవది మొదటిదాని ప్రేరణార్థకము. ఈ వంశము ఇంకను వెనుకకు పోవును. సంస్కృతమున ‘సద్’ అను ధాతువు వీనికి తోబుట్టువు. పదిమంది కూర్చుండు చోటు సదస్సు, చుట్టును కూర్చుండునది పరిషత్తు, గురువు చెంత కూర్చుండి నేర్చునది ఉపనిషత్తు. పక్షి దిగి కూర్చుండు గూటికి సంస్కృతమున ‘నీడము’ అని పేరు. ఆంగ్లమున ‘నెస్ట్’ అన్నదియు అచ్చముగా ఆ మాటయే, ఉచ్చారణ మారినదంతే. కావున కాకినాడ ఆంధ్రసాహిత్య పరిషత్తు పేరులోని యుత్తరార్ధమును, కాఫీహోటలులో మనము తెప్పించుకొను సెట్‌దోశ పేరులోని పూర్వార్ధమును దూరపు దాయాదు లగుచున్నవని యనుకొనవచ్చును గాని, అక్కడ నొక చిక్కు కలదు.

ఆ చిక్కేమనగా, గుంపు, జత, వరుస అను అర్థములు గల నామవాచకమైన ‘సెట్’ మొదట ఈ వంశమున పుట్టినది కాదు. అది లాటిను ‘సెక్టా’ అను మాటనుండి ప్రాచీనఫ్రెంచి మీదుగా వచ్చినది. దాని అర్థము ఒకరి ననుసరించి నడచువారి సమూహము. మతశాఖను తెలుపు ‘సెక్ట్’ దానికి సొంత సోదరి. బయటినుండి వచ్చిన యీ నామవాచకము, ఇంట పుట్టిన ఆ క్రియ, రూపమొక్కటి యగుటచేత కాలక్రమమున ఒకదానినొకటి ఒరసికొని, కలిసి పెరిగి, నేడు చూచువారికి కవలలుగా కనబడుచున్నవి. సెట్‌దోశలోని సెట్టు ఈ దత్తుని వైపునుండి వచ్చినది గనుక, పరిషత్తుతో దాని చుట్టరికము సగమే.

కూర్చుండబెట్టుట యను ఒక్క మూలార్థమునుండి ఇన్ని శాఖలు పుట్టిన తీరు చూడవలసినది. రెండు ప్రయోగములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. కోడిని గుడ్లమీద కూర్చుండబెట్టుట ఆంగ్లేయునకు ‘సెట్’ చేయుట. ఉంగరమున కెంపును కూర్చుండబెట్టుటయు ‘సెట్’ చేయుటయే. పెరటిలోని కోడికిని, కమ్మరిపని కంటె సన్ననిదైన కంసాలిపనికిని ఏమి పొత్తు? ఐనను మన తెలుగువాడును ఈ రెండిటికి ఒక్క మాటనే వాడును: కోడి గుడ్లను పొదుగును, కంసాలి కెంపును పొదుగును. ఏ భాషయు ఏ భాషయొద్దను అప్పు తెచ్చుకొనలేదు. వేల క్రోసుల దూరమున, ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు, గ్రుడ్డు చుట్టును కోడి ఱెక్కలు ఒదిగినట్లే రాతి చుట్టును బంగారము ఒదిగియున్నదని విడివిడిగా చూచినవి. నిఘంటువులో అర్థములకు వేసిన అంకెలను చదువునపుడు ఇట్టి చూపు మనకు తప్పిపోవుచుండును. 

సూర్యుని విషయమున మాత్రము దారులు వేరైనవి. ఆంగ్లమున సూర్యుడు రోజంతయు నడచి సాయంకాలమున ‘సెట్’ అగును, అనగా చతికిలబడును. మన ప్రొద్దు క్రుంకును. ఆ క్రుంకుట నదిలో మునుగుటకు కూడ వాడుమాటయే, కార్తికమున గోదావరిలో భక్తుడు క్రుంకులిడినట్లు. తెలంగాణమున ప్రొద్దు గూకును. ఆంగ్లేయుని సూర్యుడు అలసినవాడు, మన సూర్యుడు స్నానమునకు పోవువాడు.

ఇక అసలు తేడా ఎక్కడనగా, ఆంగ్లభాష కూర్చుండబెట్టి చేయు పనులను తెలుగుభాష చాలవరకు కట్టి చేయును. సరకునకు ధర ‘సెట్’ చేయుదురు వారు. మనము ధర కట్టుదుము. పాటను సంగీతమునకు ‘సెట్’ చేయుదురు. మనము బాణీ కట్టుదుము. విరిగిన యెముకను ‘సెట్’ చేయుదురు. మనము కట్టు కట్టుదుము. చిత్తూరుసీమలోని పుత్తూరు పేరు వినని ఎముక విరిగినవాడు రాయలసీమలోను, దానిని దాటి తమిళదేశమునను అరుదు. అచ్చటి వైద్యము పేరే పుత్తూరుకట్టు. మన కట్టు ఇంతతో ఆగదు. ఇల్లు కట్టుట, చీర కట్టుట, తాళి కట్టుట, పన్ను కట్టుట, పందెము కట్టుట, జట్టు కట్టుట, పాలపై మీగడ కట్టుట, చెరువు నీటికి నాచు కట్టుట, మబ్బు కట్టుట, కథ కట్టుట, చదువునకు రుసుము కట్టుట, చివరకు నవ్వు కట్టిపెట్టుట. పెట్టు, కొట్టు, పట్టు, వేయు అనువానిని గూడ పిలిచినచో సభ నిండిపోవును. క్రిందికోర్టు తీర్పును పైకోర్టు ‘సెట్ అసైడ్’ చేసినదని ఆంగ్లపత్రిక వ్రాయగా, అనగా తీసి ప్రక్కన కూర్చుండబెట్టినదని వ్రాయగా, తెలుగుపత్రిక అదే తీర్పును కొట్టివేసినదని వ్రాయును. న్యాయమూర్తుల సౌమ్యతకు ఏ వర్ణనము తగునో వారే చెప్పవలెను.

ఈ చిన్న క్రియల కథను తెలుగుదేశమున మొదట శ్రద్ధగా పట్టించుకొన్నవారిలో బ్రౌనుదొర యొకడు. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఆంగ్లనిఘంటువున పండితుల గ్రంథములలోని మాటలతోపాటు నోటిమాటలకును చోటు దొరకినది. చేతిపనినుండి పుట్టిన మాటలే మనసు చేయు పనులకును, రాజ్యము చేయు పనులకును వాడుకలోనికి వచ్చునని అట్టి నిఘంటువును తిరుగవేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

‘సెట్టు’ మన దేశమునకు వచ్చిన విధము విచిత్రమైనది. అది ఒక్క మాటగా రాలేదు. ముక్కలుముక్కలుగా, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క వస్తువు వీపున ఎక్కి, వేరువేరు కాలములలో, వేరువేరు మనుష్యుల యిండ్లకు వచ్చినది. టీసెట్టు దొరలను అనుకరించిన యిండ్లకు వచ్చినది. నగలసెట్టు బంగారు కొట్టునుండి వచ్చినది. హారము, చెవిదిద్దులు, గాజులు ఒకే పనితనముతో ఉండవలెనను కోర్కె కూడ దానివెంటనే వచ్చినది. రేడియోసెట్టు పంచాయతీ కార్యాలయపు అరుగుమీదికి, పిమ్మట టీవీసెట్టు చావడిలోనికి వచ్చినవి. పెట్టె యొక్కటే కనబడుచుండగా దానిని ‘సెట్’ అనుట యేమని సందేహింపవచ్చును. పూర్వము నిస్తంత్రీ పరికరము వేరువేరు భాగములను ఒకచోట చేర్చి కూర్చినదగుటచేత ఆ పేరు వచ్చి, భాగములన్నియు ఒక్క పెట్టెలో దూరిన తరువాతను పేరు మాత్రము దిగక నిలిచిపోయినది.

వీనన్నిటిలో మన నేలలో లోతుగా వేరుపారినది పంపుసెట్టు. పంపును మోటారును ఒక్క యిరుసున బిగించిన ఆ జంటకు పేరు వెదకుటకు ఏ పండితసభయు కూడలేదు. రైతు దానిని అట్లే అందుకొని, ఏతము, కపిల, మోట అను మాటల ప్రక్కన నిలిపినాడు. మోటతోలును ఎద్దులు లాగిన కాలము పోయి, బోరుబావి లోతు కొలది అప్పు లోతు పెరిగిన కాలము వచ్చినను ఆ మాట నిలిచినది. 2004లో వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు ఎన్నికల ఉపన్యాసములలోనికి, తరువాత వానికి మీటర్లు బిగింపవలెనా వద్దా యను వివాదముతో శాసనసభలోనికి ఆ మాట ప్రవేశించినది. ఒక భాషలో ఒక మాట స్థిరపడినదా లేదా యని తెలిసికొనుటకు, దానికోసము జనులు కొట్లాడుకొనుచున్నారా యని చూడవలెను. ఆ పరీక్షలో పంపుసెట్టు ఉత్తీర్ణమైనది. దానిని ఆంగ్లపదమని ఇక నెవ్వరును అనరాదు.

చలనచిత్రసీమలో ఈ మాటకు కలిగిన వైభవము వేరు. రంగస్థలముపై దృశ్యమును అమర్చుటను ఆంగ్లేయులు ‘సెట్’ చేయుట యనిరి, అమర్చిన దృశ్యమును ‘సెట్’ అనిరి. మనకును అట్టి విద్య కొత్త కాదు; 1885లో కడపసీమలోని సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజము తెరలతోను యంత్రములతోను చూపిన వింతలను చూచి ఆంధ్రదేశము తరతరములుగా నోరు తెరచినది. సినిమా వచ్చిన పిమ్మట మాత్రము మాట ఆంగ్లమునుండియే దిగినది. 1957లో విజయావారు తీసిన ‘మాయాబజార్’ చిత్రమునకు గోఖలే, కళాధర్ అను కళాదర్శకులు కల్పించిన ద్వారకానగరము, ఘటోత్కచుని మాయామందిరములు చూచినవారికి, అట్ట, కొయ్య, సుద్దమన్ను, రంగు అను నాలుగింటితో మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణమునకు తగినట్లు స్వర్గమును నేలమీద కూర్చుండబెట్టవచ్చునని తెలిసినది. నేటి పత్రికలలో మరి యొక చిత్రమైన ప్రయోగము చూచుచున్నాము: ఫలానా కథానాయకుని క్రొత్తచిత్రము ‘సెట్స్ పైకి వెళ్ళినది’ అని. సెట్టులోనికి నటులు వెళ్ళుట యున్నది, సెట్టుపైకి చిత్రమే వెళ్ళుట తెలుగు విలేఖరుల సృష్టి. చిత్రీకరణము ప్రారంభమైనదని దాని తాత్పర్యము. ఆంగ్లేయుడు విన్నచో తనదే మాటను గుర్తుపట్టలేడు. అందువలననే నాకది ముచ్చటగా నున్నది.

క్రీడలలో ‘సెట్టు’ గూర్చి త్వరగా చెప్పుదును. కోస్తాజిల్లాల పల్లెలలో సాయంకాలము వల కట్టి వాలీబాలు ఆడు యువకులకు సెట్టు అనగా పూర్వము 15 పాయింట్లు, నేడు 25. అయిదవ సెట్టు మాత్రము ఇప్పటికిని 15. టెన్నిసు సంగతి చాలమందికి 2005లో హైదరాబాదున సానియామీర్జా తన తొలి డబ్ల్యూటీఏ సింగిల్సు టోర్నీ విజయమును సాధించిన పిమ్మటనే పట్టుబడినది. ‘వరుససెట్లలో గెలుపు’ అను శీర్షిక అప్పటినుండి మన క్రీడాపుటలకు కంఠోపాఠము. ఆరు గేములు గెలిచి, ఎదుటివానికంటె రెండు అధికముగా నున్నవానిది సెట్టు. ఈ రెండు అధికముగా నను నియమము 2010లో వింబుల్డనున పరీక్షకు నిలిచినది. జాన్ ఇస్నర్ అను అమెరికను, నికొలా మహూ అను ఫ్రెంచివాడు మూడు దినములు, మొత్తము 11 గంటల 5 నిమిషములు పోరాడగా, వారి కడపటి సెట్టు 70–68 వద్ద ముగిసినది. ఆ ఒక్క సెట్టుకే 8 గంటలకు పైగా పట్టినది. 2022నుండి నాలుగు మహాటోర్నీలలోను కడపటి సెట్టు 6–6 వద్ద నిలిచినచో పది పాయింట్ల టైబ్రేకుతో తేల్చుచున్నారు గనుక, ఇట్టి సెట్టు మరల జరుగదు.

గణితమున మాత్రము మన పాఠ్యపుస్తకరచయితలు ఈ మాటను గుమ్మములోనే ఆపిరి. 1874లో గేయార్గ్ కాంటర్ అను జర్మను గణితజ్ఞుడు ప్రకటించిన వ్యాసముతో మొదలైన శాస్త్రమునకు, ఆయన జర్మను మాటను విడిచి ఆంగ్లేయులు ‘సెట్’ అని పేరిడగా, మనవారు ‘సమితి’ అనిరి. కలిసి వచ్చుట యని దాని వ్యుత్పత్తి. వేదకాలమున అది జనసభ. మంచి మాటయే. ఐతే 1959లో పంచాయతీసమితులు ఏర్పడి, ఐక్యరాజ్యసమితి పేరు ప్రతిదినము పత్రికలలో కనబడుచు నున్న కాలమున పెరిగిన విద్యార్థికి ‘శూన్యసమితి’ అనగా సభ్యులొక్కరును హాజరుకాని సమావేశముగా తోచినచో వానిని నిందింపరాదు. అట్టి సమితులను మనము చూడకపోలేదు. ఇక ప్రవేశపరీక్షల ఆవరణమున జరిగిన వింత చూడుడు. ఈఏపీసెట్టుగా మారిన ఎంసెట్టు, ఐసెట్టు, లాసెట్టు, ఎడ్‌సెట్టు అనువాని తోకనున్న ‘సెట్’ మన సెట్టు కాదు, మూడు మాటల తొలియక్షరములను కుట్టిన సంక్షేపము. కాని పరీక్ష కాగితముపై జరిగిన కాలమున ఆ పరీక్షామందిరమున ప్రశ్నపత్రము ఏ, బీ, సీ, డీ సెట్లుగా పంచబడుచుండెను. అందులో గణితభాగమున సమితులపై ప్రశ్న యుండెడిది. పిల్లవాడు మూడు సెట్ల నడుమ కూర్చుండి, తన జీవితము ‘సెట్’ అగునా కాదా యని చింతించుచుండెను.

ఈ నాలుగవ సెట్టు వద్దనే నా అసలు అభియోగము మొదలగుచున్నది.

క్రియగా ‘సెట్ అగుట’ మనకు తగిన చోటును ఒకటి చూపుదును. తాపీమేస్త్రీ ‘కప్పు ఇంకా సెట్టు కాలేదు, పైకెక్కకండి’ అని హెచ్చరించునపుడు అతడు సూక్ష్మమైన విషయమునే చెప్పుచున్నాడు. నీరు కలిపిన సిమెంటు మొదట తన మెత్తదనమును కోల్పోయి ఆకారమున నిలుచును. బలము వచ్చుట అటుపిమ్మట దినములు, వారములు పట్టును. కాంక్రీటు బలమును 28వ దినమున కొలుచుట అందువలననే. మొదటి దశ వేరు, రెండవ దశ వేరు. మన దేశపు ప్రమాణముల ప్రకారము సాధారణ పోర్ట్‌లాండు సిమెంటు 30 నిమిషములలోపల సెట్టు ఆరంభింపరాదు, 600 నిమిషములలోగా ముగింపవలెను. లూయీ వికా అను ఫ్రెంచి యింజనీరు పేరనున్న సూదిపరికరముతో దీనిని పరీక్షింతురు. ‘గట్టిపడుట’ అన్నచో ఈ రెండు దశలును కలగాపులగ మగును. మేస్త్రీ తెచ్చుకొన్న మాట ఒక ఖాళీని నింపినది. దానిని తీసివేయుమనువాడు మేస్త్రీకంటె తెలిసినవాడు కాడు.

కాని ఇప్పటి మన సంభాషణలలో ‘సెట్టయింది’ అనుమాట ఏ ఖాళీని నింపుచున్నది? పెండ్లిసంబంధము సెట్టయినది. చొక్కా సెట్టయినది. ఆ రంగు నీకు సెట్టు కాదు. వారిద్దరికి సెట్టు కాదు. ఉద్యోగము వచ్చినది, ఇక లైఫు సెట్టు. వేళ సెట్టగుట లేదు. పెరుగు సెట్టు కాలేదు. బేరము నేను సెట్టు చేసెదను. ఎనిమిది వాక్యములు, ఒక్క క్రియ. తెలుగున ఇవి ఎనిమిది విధములు. సంబంధము కుదురును, కుదురుటలో ఇరువైపుల మాటలు సాగిసాగి తుదకొకచోట నిలకడ పొందుట కలదు. చొక్కా సరిపోవును, అది కొలతకు సంబంధించిన సంగతి. రంగు నప్పును, నప్పుటలో కొలత లేదు, కంటికి తోచు ఒప్పిదము మాత్రమే యున్నది. అత్తాకోడండ్రకు పొసగదు, పొసగకపోవుటకు ఇద్దరిలో ఏ యొక్కరి తప్పును ఉండనక్కరలేదని ఆ మాట యెంత మర్యాదగా చెప్పుచున్నదో చూడుడు. బ్రతుకు స్థిరపడును. వేళ వీలుపడును. పెరుగు తోడుకొనును, తోడు అనగా నిన్నటి పెరుగులో ఒక చెంచెడు, దాని సహాయమున నేటి పాలు పెరుగగుట యను పనితీరంతయు ఆ ఒక్క క్రియలో నున్నది. బేరమును కుదుర్తురు, తగవును తీర్తురు. ఇవిగాక అమరుట యున్నది, ఇమిడిపోవుట యున్నది, ఒదుగుట యున్నది. చిన్నబిడ్డ తల్లియొడిలో ఒదుగును. అక్కడ బిడ్డ సెట్టయినదని ఇంకను ఎవ్వరు అనకుండుట మన అదృష్టము.

ఆంగ్లమున ‘సెట్’ అన్ని పనులు చేయుచున్నది గదా, తెలుగున చేసిన దోషమేమి యని యడుగువారుందురు. ఆంగ్లమున ఆ మాట ఒంటరిగా పని చేయదు. ‘సెట్ అవుట్’ అన్నచో ప్రయాణము, ‘సెట్ ఇన్’ అన్నచో ముసురు పట్టుట, ‘సెట్ అప్’ అన్నచో స్థాపించుట, ‘సెట్ అపాన్’ అన్నచో మీదపడి కొట్టుట. వెనుకనున్న చిన్న అవ్యయములు అర్థమును మార్చుచుండును. వేయి సంవత్సరములుగా ఒక్కొక్క ప్రయోగము ఒక్కొక్క నాటకకర్త చేత, నావికుని చేత, న్యాయవాది చేత పదును పెట్టబడినది. మనము తెచ్చుకొన్నది ఆ పదును కాదు, పిడి మాత్రమే. అన్నిటికి వాడబడు మాటకు అర్థములు పెరిగినవనుకొందుము. ఆంగ్లమున పెరిగినవి, తెలుగున తరిగినవి. అక్కడ 430 అర్థములు గల మాట, ఇక్కడ ‘ఏదో యొక విధముగా బాగున్నది’ అను ఒక్క అర్థమునకు దిగినది.

దీనికి విరుగుడు నిషేధము కాదు. భాషకు కావలివాండ్రను పెట్టినచో కావలివాండ్రే మిగులుదురు. పంపుసెట్టు, టీసెట్టు, టెన్నిసు సెట్టు, సినిమాసెట్టు, మేస్త్రీ సెట్టు మనవే; ఉండనిండు. కంప్యూటరులోను చేతిఫోనులోను ‘సెట్టింగులు’ అనుదానిని స్వచ్ఛందముగా తెనిగించినవారు ‘అమరికలు’ అనిరి. ఇంత చక్కని మాటను ఎందరు వాడుచున్నారో తెలియదు గాని, కల్పించినవారికి చెవి యున్నదని మాత్రము చెప్పవచ్చును. చేయవలసినది వేరొకటి యున్నది. జయంతి రామయ్యపంతులుగారి పూనికతో 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు కావ్యభాషకు భాండాగారము. అందు రైతుమాటకు చోటు తక్కువ. ఆ లోపమును తీర్చుటకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారిచేత మాండలిక వృత్తిపదకోశమును చేయించి, 1962లో వ్యవసాయపదములను, 1971లో చేనేతపదములను ప్రకటించినది. పల్లెలకు పోయి, పని చేయువారినే అడిగి వ్రాసికొన్న ఆ పద్ధతి అరువదియేండ్ల తరువాత మరల కావలెను. ఈసారి ఆ కోశమున కుదురుట, నప్పుట, పొసగుట, తోడుకొనుట అనువాని భేదములు ఉదాహరణములతో ఎక్కవలెను. ‘సెట్టు’ అను ఆరోపమును ఉండవలెను, పంపుసెట్టు మొదలుకొని సెట్స్ పైకి వెళ్ళుట వరకు. రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలోని తెలుగుశాఖలు ఈ పనిని పంచుకొనవచ్చును. పరిశోధకవిద్యార్థులకు ఇంతకంటె సజీవమైన విషయము దొరకదు.

అంతవరకు పాఠకులు చేయగలది యొకటి కలదు. తమ ప్రాంతమున ‘సెట్టు’ అనుదానికి ఇందు చెప్పబడని ప్రయోగమేదైన నున్నచో, లేక ‘సెట్టయింది’ అను చోట పెద్దలు వాడు తెలుగుమాట యేదైన వాడుకలో నిలిచి యున్నచో, ఊరిపేరుతోను, ఏ పనివారు వాడుదురో ఆ వివరముతోను మాకు వ్రాసి పంపగోరుచున్నాము.